వెల్లంపల్లి రేవు వెనక మనుషులు: మిషన్ చరిత్ర పరిశోధనలో నా అనుభవం

తెలుగు బాప్టిస్టు ఇళ్లలో పుట్టినవాళ్లకు ఒక అంకె నోటికి వచ్చేసి ఉంటుంది. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మాది ప్రకాశం జిల్లానే. సండే స్కూల్లో, యూత్ మీటింగుల్లో, సంఘ (చర్చి) వార్షికోత్సవాల్లో ఈ అంకె వింటూ పెరిగాను. సెరాంపూర్ ఎం.టి.హెచ్.లో (క్రైస్తవ వేదాంతంలో పీజీ డిగ్రీ) క్రైస్తవ చరిత్ర తీసుకున్నాక, పరిశోధనకు అంశం ఇమ్మంటే పెద్దగా ఆలోచించకుండా ఇదే రాసిచ్చాను. మా గైడ్ గారు ఆ కాగితం చదివి, "అంకె అందరికీ తెలుసమ్మా. ఆ నీళ్లలోకి దిగినవాళ్లకు సువార్త ఎవరు చెప్పారు? క్లౌ దొర అని ఒక్క ముక్కలో రాసుకొస్తే మాత్రం నేను తీసుకోను" అన్నారు. క్లౌ అంటే అప్పట్లో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే నా పరిశోధన అయింది. ఇలాంటి చదువు చదవాలనుకునే పిల్లలు "అసలు ఏం చేస్తారు అందులో?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటి సంవత్సరం క్లాసులు నా చూపు మార్చాయి. అంతవరకు సంఘ చరిత్ర అంటే నాకు రోమ్, లూథర్, ఆ తర్వాత బెంగాల్‌కు వచ్చిన మిషనరీ విలియం కేరీ. ప్రపంచ క్రైస్తవ్యం అనే పేపర్లో ఆండ్రూ వాల్స్ గురించి చెప్పారు. ఆయన బ్రిటిష్ పండితుడు. 1957లో సియెర్రా లియోన్‌కు వెళ్లి ఆఫ్రికా విద్యార్థులకు తొలి శతాబ్దాల సంఘ చరిత్ర బోధించేవారు. కొంతకాలానికి ఆయనకు ఒకటి తోచింది. తాను పాఠంగా చెబుతున్న రెండో శతాబ్దపు సంఘం లాంటిదే తన చుట్టూ బతుకుతోంది, తాను దాన్ని గమనించకుండా పాఠాలు చెబుతున్నాడు! తర్వాత ఆయన 1982లో స్కాట్లాండులోని అబర్దీన్‌లో ఒక అధ్యయన కేంద్రం పెట్టారు, అది ఎడిన్‌బరోకు మారింది. 1900 నాటికి ప్రపంచ క్రైస్తవుల్లో 80 శాతానికి పైగా యూరప్, ఉత్తర అమెరికాల్లోనే ఉండేవాళ్లు. ఇప్పుడు మూడింట రెండు వంతుల మంది ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో ఉన్నారు. ఆ లెక్క విన్న రోజు నాకు మా పల్లె గుర్తొచ్చింది. మేం ఎవరి చరిత్రకో చివర్లో అతికించిన పేజీ కాదు అన్న నమ్మకం ఆ క్లాసులోనే కలిగింది.

తర్వాత అసలు పని, అంటే రిపోర్టులు చదవడం. అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు బోస్టన్ నుంచి పత్రిక వేసేవాళ్లు. నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లిన ఉత్తరాలు అందులో అచ్చయ్యేవి. పాత సంచికలు చాలావరకు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. హాస్టల్ గదిలో కూర్చుని, కళ్లు మంటలు పుట్టేదాకా స్క్రీన్ మీద చదివేదాన్ని. ఆ మిషన్ పంపిన శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడడం, ఏళ్ల తరబడి పని చేసినా పట్టుమని పదిమంది చేరకపోవడం, ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో మళ్లీ మళ్లీ చర్చకు రావడం వరసగా కనిపిస్తాయి. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభల్లో మిషన్ పటం మీద నెల్లూరు ఒంటరి చుక్కలా ఉందని ఎవరో అన్నారట. ఆ మాట పట్టుకుని శామ్యూల్ స్మిత్ అనే పాస్టరు రాత్రికి రాత్రే పద్యం రాశారు. మిషన్ నిలబడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఇవన్నీ చదువుతుంటే ఒళ్లు పులకరించేది, ఇప్పటికీ పులకరిస్తుంది.

కానీ పులకరింతతో పరిశోధన నడవదు. గైడ్ గారు నాకు ఒక అలవాటు నేర్పారు. ఏ ఉత్తరం చదివినా ముందు అది ఎవరి చేతుల్లోకి వెళ్లిందో రాసుకోవాలి. బోస్టన్‌లో ఆ పత్రిక చదివేవాళ్లు చందాలిచ్చేవాళ్లు. వాళ్ల మనసు కరగాలి, వాళ్ల డబ్బుతో ఇక్కడ పని జరుగుతోందని తెలియాలి. అందుకని ఉత్తరం రాసే మనిషి అబద్ధం చెబుతున్నాడని కాదు. ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో అక్కడ నిర్ణయమవుతుంది. ఇది పట్టుకున్నాక నాకు రిపోర్టుల్లో ఒకటి కొట్టొచ్చినట్టు కనబడసాగింది. దొరలకు, దొరసానులకు ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంటుంది. తెలుగు బోధకులు మాత్రం చాలాచోట్ల "స్థానిక సహాయకులు ఇంతమంది" అనే లెక్కలోకి వెళ్లిపోతారు.

ఇంకో తలనొప్పి ఊళ్ల పేర్లు. అమెరికా వాళ్లు చెవికి ఎలా వినబడితే అలా రాశారు. ఒకే ఊరికి ఇద్దరు దొరలు రెండు స్పెల్లింగులు వాడారు. నేను ఒక నోటుబుక్కులో పట్టిక వేసుకుని, పాత తాలూకా పటాలు పక్కన పెట్టుకుని ఒక్కో ఊరినీ గుర్తుపట్టుకుంటూ వచ్చాను. కనిగిరి, దర్శి, పొదిలి బస్సుల్లో కండక్టర్లను అడిగి తెలుసుకున్నవి కూడా అందులో ఉన్నాయి. ఇది విసుగు పని, పక్కన పెట్టడానికి మాత్రం వీల్లేదు. ఊరు తెలిస్తేనే ఆ ఊరి నుంచి ఏ ఊరికి సంబంధాలు కలిశాయో తెలుస్తుంది. నా పరిశోధన అంతా చివరికి దాని మీదే నిలబడింది.

జాన్ క్లౌ మన దేశానికి వచ్చింది 1865లో. అంతకుముందు మిన్నెసోటాలో సర్వేయరుగా పనిచేసిన మనిషి. నెల్లూరులో కొన్నాళ్లు ఉండి 1866లో ఒంగోలు చేరారు. ఆయన ఒంగోలు రాకముందే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పేరయ్యది తోళ్ల వ్యాపారం. ఆ పని మీద ఏలూరు, గోదావరి వైపు తిరిగేవాడు. సువార్త ఆయన చెవిన మొదట పడింది ఆ ప్రయాణాల్లోనే, వేరే మిషన్ వాళ్ల దగ్గర. అంతకంటే ముందు ఆయన ఒక గురువు దగ్గర యోగం నేర్చిన సాధకుడు, తనకూ శిష్యులున్నారు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో పేరయ్య పిలుపు మీద క్లౌ నలభై మైళ్ల దూరంలో ఉన్న తాళ్లకొండపాడు వెళ్తే, అక్కడ చింతతోపులో జనం అప్పటికే ఎదురుచూస్తున్నారు. వాళ్లకు అప్పటికే ఎవరో చెప్పి ఉండాలి కదా. అలా చెప్పినవాళ్లు పేరయ్య, నాగమ్మ, వాళ్ల బంధువులు.

ఈ సంగతులు మనకు దొరకడానికి ఒక స్త్రీ కారణం, ఆమెకు నేను చాలా రుణపడి ఉన్నాను. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి (సమాజంలోని అన్యాయాన్ని సరిచేయడం కూడా క్రైస్తవుల పనే అన్న ఉద్యమం) పేరు తెచ్చిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్క, బెర్న్‌లో డాక్టరేట్ చేసిన మనిషి. ఆమె మాదిగ వృద్ధుల్ని కూర్చోబెట్టి వాళ్ల గురువుల సంగతులు, దేవతల కథలు, వెట్టి చాకిరీ, వాళ్లు విశ్వాసంలోకి వచ్చిన తీరు అడిగి రాసుకుని 1899లో పుస్తకంగా అచ్చేయించింది. ఆ రోజుల్లో మాదిగల మాటను ఇంత శ్రద్ధగా రాసుకున్నవాళ్లు మరొకరు నాకు కనబడలేదు. ఆమె కూడా తన కాలపు మనిషే. కొన్నిచోట్ల ఆమె వాడిన విశేషణాలు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. అయినా ఆ పుస్తకం లేకపోతే నా పరిశోధనలో సగం లేదు.

క్లౌ విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. ఇప్పుడు చదివితే మామూలు మతనియమాల్లా ఉంటాయి. ఆనాటి పల్లెలో ఈ మూడూ ఊరిని ఎదిరించడమే. ఆదివారం పని మానేస్తే వెట్టి ఆగుతుంది. మొక్కడం మానేస్తే జాతరలో డప్పు కొట్టేవాళ్లుండరు. కరణాలు, మునసబులు ఊరుకోలేదు. కొట్టడం, పనిలోకి రానివ్వకపోవడం, నీళ్ల దగ్గరికి రానివ్వకపోవడం, తప్పుడు కేసులు అన్నీ జరిగాయి. మాదిగలు చేరారని బడి నుంచి పెద్దకులాల పిల్లలు వెళ్లిపోయినప్పుడు, క్లౌ, ఆయన మొదటి భార్య హ్యారియెట్ ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిచి, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే భాగం దగ్గర ఆగారని, లోకంలో నీచులైన వారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే ఆ మాట తమ దారి తేల్చిందని క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. అది ఆయన సాక్ష్యం, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ నా లెక్కలో ఆ నిర్ణయం అప్పటికే పల్లెలో జరిగిపోయింది. పెద్దకులాల పిల్లలు వెళ్లిపోయినా నిలబడగలిగే సంఘాన్ని పేరయ్య బంధువర్గం సిద్ధం చేసి ఉంచింది.

ఇక కరువు. ఈ అంశం ఎత్తగానే ఎవరో ఒకరు "గంజి కోసం చేరారు" అంటారు. కాలేజీలో అన్నారు, బంధువుల ఇళ్లల్లో అన్నారు, రైల్లో పక్క సీటాయన కూడా అన్నాడు. అందుకే ఈ అధ్యాయం మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ కాలం కూర్చున్నాను. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని ధాతు కరువు ఊడ్చేసింది. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వించింది. సర్వేయరు చదువు ఉన్న క్లౌ అందులో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చారు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు మట్టి పని చూసుకుంటూ, విశ్రాంతి వేళ కూలీలతో మాట్లాడేవాళ్లు. కలరా క్యాంపులోకి వచ్చినా వాళ్లు వదిలిపెట్టి పోలేదు.

ఇక్కడ తేదీలు చాలా ముఖ్యం. కరువు సాయం నడుస్తున్న కాలంలో, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. అడిగినవాళ్లను వెనక్కి పంపారు. సాయం ముగిశాకే, 1878 జూన్ 16న మొదలుపెట్టారు. జూలై 31 నాటికి 8,691 మంది. జూలై 3న 2,222 మందికీ బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి. క్లౌ ఆ రోజు తన చేత్తో ఎవరికీ ఇవ్వలేదు. మా సంఘాల్లో అంకె చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పాలని నేను ఎక్కడికి వెళ్లినా పోరుతుంటాను.

దీన్నిబట్టి ఆకలికీ విశ్వాసానికీ సంబంధమే లేదని నేను రాయలేదు. కరువులో తమతోపాటు నిలబడింది ఎవరో జనం చూశారు. అది చూసి నమ్మడం తప్పెలా అవుతుంది? పెద్దకులం మనిషి ఆలోచించి మతం మారితే జిజ్ఞాస, మాదిగ మారితే గంజి అనే కొలత నాకు ఒప్పుకోదగ్గదిగా కనబడలేదు. థీసిస్‌లో ఈ మాట ఇంకొంచెం మెత్తగా రాయమన్నారు. ఆధారాలు గట్టిగా పెట్టి, మాట మాత్రం అలాగే ఉంచాను.

పుస్తకాల పని అయ్యాక పల్లెలకు వెళ్లాను. దీని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పరిశోధన పద్ధతుల క్లాసులో చెప్పేది వేరు, అక్కడ ఎదురయ్యేది వేరు. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి, రికార్డు చేయాలి, పేరు రాయాలి అని మాకు నేర్పారు. పాస్టరు గారి వెంట వెళ్లి పెద్దల ముందు ఆ కాగితం తీయగానే మాటలు ఆగిపోయేవి. కారణం వాళ్ల భయం కాదు, మన చట్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు కానీ క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. నాలుగు తరాలుగా చర్చికి వస్తున్న కుటుంబం కూడా పిల్లల చదువు, ఉద్యోగం తలుచుకుని తమ పేరు ఏ కాగితం మీద పడుతుందో చూసుకోవాల్సి వస్తోంది. నేను రాసే పేరు ఒక పిల్లవాడి సర్టిఫికెట్‌కు అడ్డం వస్తే, ఆ పాపం ఏ డిగ్రీతో కడుక్కోను? అందుకని పేర్లు, ఊళ్లు తీసేశాను. రికార్డర్ సంచిలోనే ఉంచి, విన్నది రాత్రి పూట రాసుకునేదాన్ని. బాప్తిస్మాల రిజిస్టర్లు చూడనిచ్చినచోట కూడా ఫొటో తీయలేదు.

ఆ పద్ధతికి మారాక పెద్దలు ఎంత చెప్పారో! ఒక ముసలమ్మను, మీవాళ్లు ఎలా నమ్ముకున్నారు అని అడిగితే, "దొరొచ్చి చెప్తే ఎవరు నమ్ముతారే అమ్మాయ్? మా జేజి వాళ్ల మేనమామ చెప్పాడని నమ్మారు. ఆయన పిల్లనిచ్చిన ఊరు గదా, ఆ ఊరూ నమ్మింది" అంది. నా నోటుబుక్కులోని ఊళ్ల పట్టిక తీసి చూస్తే, ఆమె చెప్పిన పెళ్లి సంబంధాల దారి, రిపోర్టుల్లో సంఘాలు ఏర్పడిన వరస చాలావరకు కలిశాయి. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో ఎక్కువమంది మాదిగలు ఎందుకున్నారో, పక్కనే గుంటూరు లూథరన్ సంఘాల్లో ఎక్కువమంది మాలలు ఎందుకున్నారో కూడా దీంతో అర్థమవుతుంది. సువార్త చుట్టరికం దారిన నడిచింది, చుట్టరికం కులం దాటదు. ఆ దారి ఇచ్చిన బలం, ఆ దారి పెట్టిన హద్దు రెండూ మా సంఘాల్లో ఈ రోజుకూ కనిపిస్తాయి. ఇది రాయడం నాకు కష్టమైంది, కానీ రాశాను.

ఆఖరి అధ్యాయం నేను ముందు అనుకున్నది కాదు. రిపోర్టులు ముందుకు చదువుకుంటూ పోతే 1903 దగ్గర జాన్ రంగయ్య అనే తెలుగు మిషనరీ తగిలాడు. తెలుగు బాప్టిస్టులు తమ సొంత హోమ్ మిషనరీ సొసైటీ తరఫున, ఆ ఏడాది ఆయన్ను కుటుంబంతో సహా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. 1860 నుంచి చెరకు తోటల కూలికి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన మనవాళ్లు అక్కడున్నారు. వాళ్ల మధ్య, కియర్స్నీ తేయాకు తోటలో రంగయ్య సంఘం కట్టాడు. కరువు దాటి పాతికేళ్లకే, కూలినాలి చేసుకునే సంఘాలు చందాలు వేసుకుని సముద్రం అవతలికి మిషనరీని పంపాయంటే నేను లైబ్రరీలోనే ఏడ్చేశాను. అదే 1903లో తమిళనాట తిరునల్వేలిలో వేదనాయకం అజరయ్య, ఆయన మిత్రులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. వాళ్లు పని ఎంచుకున్నది దోర్నకల్ ప్రాంతంలోని తెలుగువాళ్ల మధ్య. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో సుమారు 1,200 మంది ప్రతినిధులుంటే ఆసియావాళ్లు ఇరవైమంది కూడా లేరు. ఆ సభలో అజరయ్య లేచి, మీరు మా కోసం ఆస్తులు ధారపోశారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. రెండేళ్లకు ఆయనే దోర్నకల్ బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లాండు చర్చి శాఖ) తొలి భారతీయ బిషప్పు.

వైవాలో (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) టెన్షన్ పడ్డాను. బయటి పరీక్షకులు అడిగిన గట్టి ప్రశ్న ఒక్కటే: "మీరు ఆ సంఘం బిడ్డే కదా, మీ ముత్తాతల గురించి మీరే రాస్తే నిష్పక్షపాతంగా ఎలా ఉంటుంది?" బోస్టన్ పత్రికకు ఉత్తరం రాసిన దొరకూ ఒక పక్షం ఉంది, కరువు రిపోర్టు రాసిన కలెక్టరుకూ ఒక పక్షం ఉంది, నా పక్షం నేను మొదటి పేజీలోనే చెప్పాను, ఆధారం ఎక్కడ దొరికితే అక్కడికల్లా వెళ్లాను అన్నాను. పక్కనున్న గైడ్ గారు చుట్టరికం హద్దు గురించి రాసిన పేజీ తెరిచి ఆయన ముందుకు జరిపారు. ఆయన చదివి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

డిగ్రీ వచ్చింది. థీసిస్ ఇంగ్లిష్‌లో ఉండడంతో మా పల్లెల్లో ఎవరూ చదవలేరు, అందుకని ముఖ్యమైన మూడు అధ్యాయాలు తెలుగులో రాసి సంఘాలకు ఇచ్చాను. ఇప్పుడు బైబిలు స్త్రీల మీద పని చేస్తున్నాను. ఇంటింటికీ నడిచి, చదువురాని ఆడవాళ్లకు లేఖనాలు చదివి వినిపించిన తెలుగు స్త్రీలు వాళ్లు. 1871లో అమెరికా బాప్టిస్టు స్త్రీలు పెట్టుకున్న సొసైటీ రిపోర్టుల్లో వీళ్ల లెక్క ఉంటుంది, కొన్నిసార్లు ఉత్త పేరు ఉంటుంది, ఊరూ ఇంటిపేరూ ఉండవు. మీ ఇళ్లల్లో నాయనమ్మలో, జేజమ్మలో ఎవరైనా ఈ పని చేసి ఉంటే, వాళ్ల పేరు, పుట్టిల్లు, మెట్టినిల్లు, ఏ ఏ ఊళ్లు తిరిగారో తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసి పెట్టండి. పాత ఫొటో ఉంటే అందులో ఎవరు ఎవరో వెనక పెన్సిల్‌తో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడగండి.